ముందు అరిగిన చెప్పులు

ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర నుంచి

తమ్ముడూ,

నువ్వు కులాసాయేనా అని అడగను. జ్వరంతో మూలుగుతున్నా కులాసా అనే రాస్తావు. అసలు సంగతికి వస్తాను. మీ ఫ్యాక్టరీలో తయారై నా ఒంట్లో చేరిన తుంటి మాట్లాడుతోంది.

నవ్వకు. కిర్రుమంటోంది. పాత తలుపు తోసినట్టు చప్పుడు. ఆపరేషన్ అయిన కొత్తలో నోరెత్తలేదు. చేతికర్ర పారేసి నా మానాన నేను నడవడం మొదలెట్టాక, ఈమధ్యే పట్టుకుంది ఈ రోగం. నొప్పి లేదు, ఒట్టు. ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రమ్మన్నా రాదు. మొన్న పక్కింటావిడకి వినిపిద్దామని వరండాలో అటూ ఇటూ తిరిగాను. కిక్కురుమనలేదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పని ఉందని వెళ్లిపోయింది.

మీ బావ మొదట ఇల్లంతా వెతికారు. తలుపు బందులకి నూనె, మంచం కోళ్లకి నూనె, కుట్టుమిషనుకి నూనె. షెడ్డులో రాట్నానికి కూడా పోశారు. నూనె డబ్బా పట్టుకుని నా వెనకే తిరుగుతుంటే, "నాకూ పోస్తారా ఏంటి?" అన్నాను. "పోసే వీలుంటే పోద్దును" అన్నారు. నవ్వలేదు కూడా.

షెడ్డు మాట చూసి కంగారు పడకు. నేనటు వెళ్లడం లేదు. నాన్న వదిలి వెళ్లిన తాళ్ల పనంతా ఇప్పుడు మీ బావే చూసుకుంటున్నారు. నార పేనడానికి ఎవర్నో పెట్టుకున్నారు. నేను మహారాణిలా ఇంట్లో కూర్చున్నాను.

తుంటి కీళ్లని ఏళ్ల తరబడి నడిపించి పరీక్ష పెట్టేవాడివి కదా, ఇదేంటో చెప్పు. డాక్టరుకి మాత్రం చెప్పకు. ఫోన్ కూడా చెయ్యకు. ఫోన్లో నువ్వు ఆఫీసరులా మాట్లాడతావు, ఉత్తరంలో అయితే తమ్ముడిలా రాస్తావు.

అక్క

*

పరీక్షల గది నుంచి

అక్కా,

నీ ఉత్తరం చదివి, తిన్నగా యంత్రం దగ్గరికి వెళ్లి చెవి ఆనించాను. మా చీఫ్ చూసి, "దానికి గుండె చప్పుడు ఉండదయ్యా" అన్నారు.

ఆ యంత్రం పేరు బాటసారి. మేం పెట్టిన ముద్దుపేరు. నీ ఒంట్లో ఉన్నలాంటి కీళ్లే దాన్లో వరసగా బిగించి ఉంటాయి. కీలంటే పెద్ద విడ్డూరమేం కాదు. తొడ ఎముకలోకి దిగిన లోహపు కాడ, కాడ తల మీద బంతి, ఆ బంతి తిరగడానికి నడుము ఎముకలో బిగించిన గిన్నె. బంతీ గిన్నే రెండూ సిరామిక్, అంటే పింగాణీకి దూరపు చుట్టం. ఒంట్లో ఉండే తడి బదులు పసుపుపచ్చ ద్రవం పోసి, మనిషి బరువు మోపి, లక్షల అడుగులు నడిపిస్తాం. ఆపి, తీసి, కడిగి, ఎంత అరిగిందో తూకం వేస్తాం. మళ్లీ నడిపిస్తాం. నీలాంటి తుంటి ఇక్కడ ఎన్నో ఏళ్ల నడక నడిచేసింది. ఒక్కసారీ కిర్రనలేదు.

మరి నీకెందుకు వస్తోంది? నాకు బుర్ర తిరుగుతోంది. మెట్లెక్కేటప్పుడా? కూర్చుని లేచేటప్పుడా? పక్కకి తిరిగినప్పుడా? పొద్దున్నా, సాయంత్రమా? ఒక్కోసారి అంటే ఏ ఒక్కోసారి? "ఉత్తరాల్లో మాత్రమే కిర్రుమనే తుంటికి ఏం పరీక్ష పెడతాం?" అంటున్నారు చీఫ్.

ఒక పని చెయ్యి. ఆపరేషన్ తరవాత కొన్న చెప్పులు వేసుకుంటున్నావు కదా, అవి పార్సిల్ చెయ్యి. మా వృత్తిలో మనిషి మాటకంటే అరుగుదలని ఎక్కువ నమ్ముతాం. నడక ఎలా ఉందో చెప్పులు చెబుతాయి.

డాక్టరుకి చెప్పనులే.

తమ్ముడు

*

ఇంట్లో, వరండా మెట్ల మీద నుంచి

ఒరేయ్,

చెప్పులు పంపుతున్నాను. పోస్టాఫీసులో గుమాస్తా లోపల ఏముందని అడిగాడు. "పాత చెప్పులు" అన్నాను. "ఎవరికి?" "మా తమ్ముడికి." కాసేపు నా మొహంలోకి చూసి, "ఏం, గొడవ పడ్డారా?" అన్నాడు. స్టాంపుల డబ్బులు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

నీ ప్రశ్నలకి జవాబులు. మెట్లెక్కితే రాదు. కూర్చుంటే రాదు, లేస్తే రాదు. నడిచేటప్పుడే వస్తుంది. అదీ ఎప్పుడూ కాదు. సంతకి నడిచి వెళ్లి సంచీ మోసుకొచ్చినా చప్పుడు లేదు. పని ఎక్కువున్న రోజు ఎక్కువ వస్తుంది. పని అంటే వంటపని. ఇంటిపని. ఇంకేం పని ఉంటుంది నాకు?

నా మాటకంటే నా చెప్పుల మాట నమ్ముతానన్నావు చూడు, అది మాత్రం మనసులో పెట్టుకున్నాను. చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని తిరిగింది నేను, చెప్పులు కాదు.

మీ బావకి ఇప్పుడు నూనె పిచ్చి పోయి చెవుల మీద అనుమానం మొదలైంది. చప్పుడు నిజంగా ఉందా, మనిద్దరికే వినిపిస్తోందా అని నన్నే అడుగుతున్నారు. నాకూ తెలీడం లేదు.

అక్క

*

పరీక్షల గది నుంచి

అక్కా,

చెప్పులు అందాయి. బల్ల మీద, భూతద్దం కింద పెట్టి పొద్దుట్నుంచి చూస్తున్నాను.

మడమ దగ్గర కొట్టువాడు అంటించిన చీటీ మాసింది గానీ ఇంకా ఊడలేదు. ముందు భాగం మాత్రం, వేళ్ల కింద, కాగితంలా పలచబడిపోయింది. మనిషన్నవాడు నడిస్తే మడమ ముందు ఆనుతుంది. మడమే ముందు అరుగుతుంది. నేను చూసిన చెప్పులన్నీ అంతే. చీఫ్‌కి చూపిస్తే, "మీ అక్కగారు నాట్యం చేస్తారా?" అన్నారు. నీ సంగతి తెలీక అన్నారులే.

నాకు నవ్వు రాలేదు. అక్కా, నిజం చెప్పు. నొప్పి ఉందా? మడమ ఆనిస్తే నొప్పి పుట్టి, మునివేళ్ల మీద నడుస్తున్నావా? బావకి తెలియకుండా దాస్తున్నావా? ఉంటే ఉందని రాయి, కోప్పడను.

ఇంతకంటే రాయలేకపోతున్నాను.

తమ్ముడు

*

ఇంటి నుంచి

తమ్ముడూ,

కొంప మునిగింది. ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. డాక్టరుగారు రమ్మంటే వెళ్లాను. ఫొటోలు తీశారు, కాలు అటూ ఇటూ తిప్పారు, నన్ను నడిపించారు. చప్పుడు లేదు. అయినా ఫలానా రోజుకి మంచం సిద్ధంగా ఉంచుతాం, లోపల ఏదో తేడా ఉండి మీరు నొప్పి దాస్తున్నారు, తెరిచి చూసి మార్చేద్దాం అన్నారు.

"నాకు నొప్పి లేదండీ" అన్నాను. "లేదనే అంటారమ్మా" అన్నారు. లేని నొప్పి ఉందని ఎలా ఒప్పుకోను? లేదని ఎలా రుజువు చెయ్యను? బయటికొచ్చి ఎటు వెళ్లాలో తెలీక ఆసుపత్రి వెనక గేటు దగ్గర తేలాను. మీ బావ ముందు గేటు దగ్గర వెతుక్కుంటున్నారు.

రెండోసారి కోస్తే మొదటిసారిలా ఉండదట. బిగిసిపోయిన గిన్నెని పెకలించాలంటే కాస్త ఎముక కూడా పోతుందట. కాలు పొట్టిదవ్వచ్చట. మళ్లీ కర్ర పట్టుకోవాల్సి రావచ్చట. ఇవన్నీ డాక్టరుగారు ఎంత నెమ్మదిగా చెప్పారో! కేకలేసి చెప్పినా ఇంత భయం వేసేది కాదు.

నాకు భయంగా ఉందిరా. ఎప్పుడూ ఇలా రాయలేదు, రాస్తున్నాను.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. నేను డాక్టరు దగ్గర చప్పుడు మాట ఎత్తనే లేదు. తనూ చెప్పలేదని మీ బావ ఒట్టేసుకున్నారు. మరి ఆయనకి ఎవరు చెప్పారు?

అక్క

*

పరీక్షల గది నుంచి

అక్కా,

నేనే చెప్పాను.

చెప్పులు చూసిన రోజే డాక్టరుగారికి రాశాను. నీకు రాసిన ఉత్తరంలో ఆ మాట రాయబోయి మానేశాను. తిట్టు. ఎంత తిట్టాలనిపిస్తే అంత తిట్టు.

నాకు నిద్ర పట్టలేదక్కా. ఆ గిన్నె అంచు వంపు గీసింది నేను. బంతి జారిపోకుండా ఉంటుందని అంచుని వెనకవైపు కాస్త పైకి లేపాం. బాటసారి మీద బ్రహ్మాండంగా నడిచింది. అందుకే నీకు ధైర్యంగా అదే పెట్టించుకోమన్నాను. ఇప్పుడు అది నీకు నొప్పి పెడుతోందేమో, నువ్వు నా కోసం నోరు మూసుకున్నావేమో అనిపించింది. నా పేరు పాడవుతుందని నువ్వు మునివేళ్ల మీద నడుస్తున్నావేమోనని ఊహించుకున్నాను.

కానీ నువ్వు నొప్పి లేదని ఇంత గట్టిగా రాస్తుంటే, నాకు మళ్లీ మొదటికొచ్చింది. నొప్పి లేని మనిషి చెప్పులు ముందు ఎందుకు అరుగుతాయి? సంచీ మోస్తే రాని చప్పుడు నడిస్తే ఎందుకు వస్తుంది? నువ్వు రాసినవీ, చెప్పులు చెప్పినవీ, యంత్రం చెప్పినవీ ఒకదానికొకటి పొసగడం లేదు. మూడిట్లో ఏదో ఒకటి అబద్ధమాడుతోంది.

ఆ రోజు లోపల కారణం దొరికితే డాక్టరుగారిని ఆపగలను. దొరక్కపోతే ఆపడానికి నాకు మొహం లేదు. అక్కా, నాకు చెప్పనిది ఏమైనా ఉందా?

తమ్ముడు

*

షెడ్డు నుంచి

తమ్ముడూ,

పైన ఏం రాసి ఉందో చూశావుగా. ఉత్తరం మొదలెట్టక ముందే నిజం చెప్పేశాను.

కర్ర పారేసిన వారం నుంచీ నేనిక్కడే ఉన్నాను. మనిషిని పెట్టుకున్నామన్నది నా కల్పన. మీ బావ అక్కడ రాట్నం తిప్పుతారు, నేను నార నడుముకి చుట్టుకుని పేనుకుంటూ వెనక్కి నడుస్తాను. ఎప్పటిలాగే. చెప్పులు ఎందుకు ముందు అరిగాయో ఇప్పుడు తెలిసిందా, తెలివైనవాడా? వెనక్కి అడుగేస్తే వేళ్లే ముందు ఆనుతాయి. నాన్న చెప్పులు ఎలా అరిగేవి? వాకిట్లో రోజూ చూసేవాడివి కదరా! తాళ్లు పేనేవాడి కొడుకువి, భూతద్దం పెట్టి చూసి కూడా పప్పులో కాలేశావు.

నిన్ననాల్సిన పని లేదులే. పార్సిల్ కట్టింది నేనే. నాకూ తట్టలేదు.

నీకెందుకు చెప్పలేదంటావా? చెబితే మానేయమంటావు. డాక్టరుగారు ఏమన్నారు? "నడవండమ్మా, ఎంత నడిస్తే అంత మంచిది" అన్నారు. నడిచాను. వెనక్కి నడవకూడదని ఎవరైనా చెప్పారా? చెప్పలేదు కాబట్టి తప్పు కాదని నాకు నేనే చెప్పుకున్నాను. తప్పు కాకపోతే దాచడం ఎందుకని ఒక్కోసారి అనిపించేది. వెంటనే తాడు రెండో పేట పేనడం మొదలెట్టేదాన్ని.

ఇంట్లో కూర్చుంటే నాకు నేనే అర్థం కాలేదురా. ముందుకి నడిస్తే కళ్లెదుట ఏముంటుంది? ఇంకా చెయ్యని పని. వెనక్కి నడిస్తే చేసిందంతా నీ ఎదురుగానే ఉంటుంది, చేతిలోంచి బయల్దేరి రాట్నం దాకా. అది చూడకుండా పూట ఎలా గడుస్తుంది?

ఇప్పుడు చెప్పు. చప్పుడుకి కారణం ఇదేనా? అయితే కొయ్యనక్కర్లేదా? త్వరగా రాయి. మీ బావ అన్నం సరిగ్గా తినడం లేదు.

అక్క

*

పరీక్షల గది నుంచి

అక్కా,

మొదట ఒక గంట నీ మీద కోపం. తరవాత నా మీద కోపం. నాన్న చెప్పులు కళ్ల ముందు కనబడుతుంటే చీఫ్‌కి మొహం చూపించలేకపోయాను.

బాటసారిని వెనక్కి నడిపించాం. మోటారు తిరగేసి రెండు రోజులు చూశాం. చప్పుడు లేదు! ఇక మతి పోయింది. వెనక్కి నడిస్తే నీకు వస్తుంది, దానికి రాదు. డాక్టరు పెట్టిన రోజు చూస్తే దగ్గరకొచ్చేసింది.

ఆఖరికి ఏం చేశానో తెలుసా? చీఫ్ గది తలుపు పిడికి తాడు కట్టి, రెండో కొస నడుముకి చుట్టుకుని, వరండాలో వెనక్కి నడిచాను, నువ్వు నడిచినట్టు. అందరూ నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. తాడు బిగిసింది. సరిగ్గా అప్పుడే చీఫ్ లోపల్నుంచి తలుపు బయటికి తోశారు. తాడు వదులై, ధబేల్న కూర్చున్నాను. "ఏమైందయ్యా నీకు?" అన్నారు ఆయన. "నేను వెనక్కి వాలాను సార్!" అని అరిచాను కింద నుంచే.

అదక్కా సంగతి. బాటసారి ఉత్త చేతులతో వెనక్కి నడుస్తోంది. నువ్వు తాడుని లాగిపట్టి, వెనక్కి వాలి, వెనక్కి చాచిన కాలి మీద బరువంతా వేసి నడుస్తావు. యంత్రానికి కూడా అలా బరువు మోపాం. మర్నాడు మధ్యాహ్నం "కిర్ర్" మంది. గదంతా చప్పట్లు. అంత వికారమైన చప్పుడు విని అంత సంతోషించిన మనుషుల్ని నేనెప్పుడూ చూడలేదు. నాకైతే ఏడుపొచ్చింది.

కాలు అలా వెనక్కి చాచినప్పుడు కాడ మెడ వెళ్లి గిన్నె వెనక అంచుకి తగులుతోంది. నేను పైకి లేపిన అంచే. అది తగిలి బంతిని ఎదుటి అంచు మీదకి ఎక్కిస్తోంది. అంచు మీద తడి నిలవదు. తడి లేని చోట కిర్రుమంటుంది. మామూలు నడకలో బంతి గిన్నె మధ్యలోనే ఉంటుంది, అందుకే సంతకి వెళ్లొచ్చినా చప్పుడు లేదు.

డాక్టరుగారిని ఇక్కడికే పిలిపించి వినిపించాం. నీ ఫొటోలు మళ్లీ చూశారు. గిన్నె బిగువుగా ఉంది, ఎక్కడా కదల్లేదు. ఆపరేషన్ రద్దు చేశారు. కానీ ఒక షరతు. తాడు లాగుతూ వెనక్కి నడవడం నువ్వు మానెయ్యాలి. ఊరికే కాదు, పూర్తిగా. మానకపోతే అంచు అరుగుతుంది, అప్పుడు కొయ్యక తప్పదు.

గిన్నె అంచుని మళ్లీ గీస్తున్నాను. ఇకమీదట ప్రతి తుంటికీ ఈ పరీక్ష కూడా పెట్టాలని చీఫ్ అన్నారు. కానీ కొత్త గిన్నె నీకు పనికిరాదు, ఉన్నదాన్ని తీస్తేనే కదా అది పెట్టేది. నీ కాలు కాపాడి నీ పని లాక్కున్నాను. సంతోషించాలో ఏడవాలో తెలీడం లేదు.

తమ్ముడు

*

షెడ్డు నుంచి, రాట్నం పక్క పీట మీద నుంచి

తమ్ముడూ,

పీట అని చూసి మళ్లీ అనుమానించకు. కూర్చునే ఉన్నాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు షెడ్డు వైపు వెళ్లలేదు. కాలు దక్కినందుకు సంతోషమే. కానీ అదేం సంతోషమో, చేతులు కట్టేసినట్టుంది. మూడోరోజు పొద్దున మీ బావ నార తీసి తన నడుముకి చుట్టుకున్నారు. "నువ్వు రాట్నం తిప్పు" అన్నారు. ఈయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క అడుగు వెనక్కి వేసి ఎరగరు. ఓరి నాయనో, ఆ తాడు చూడాలి నువ్వు! ఒకచోట సన్నగా దారంలా, ఒకచోట నా మణికట్టంత. స్తంభానికి వీపు గుద్దుకుని, స్తంభాన్నే తిట్టారు.

నేను రాట్నం తిప్పుతుంటే ఆయన నా మొహంలోకి చూస్తూ వెనక్కి వెనక్కి వెళ్లిపోతున్నారు. నడుము దగ్గర నార తరుగుతోంది, మనిషి చిన్నగా అయిపోతున్నారు. నాకు ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. ఎందుకో తెలీలేదు. ఇన్నేళ్లూ నేను తాడుని చూసుకుంటూ నడిచాను. ఆ చివర కూర్చుని తిప్పే మనిషికి ఎలా ఉంటుందో ఒక్కనాడూ అనుకోలేదు.

రాత్రి అన్నం తింటూ అడిగాను. "రోజూ నేనలా దూరం వెళ్లిపోతుంటే మీకెలా ఉండేదండీ?"

"ఏముంది? చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేదానివిగా" అన్నారు. ఇంకాస్త పెరుగు వెయ్యమన్నారు. నాకు పెరుగు గిన్నె కనబడలేదు, కళ్ల ముందే ఉన్నా.

తుంటి చప్పుడు లేదు. పీట మీద కూర్చున్న దానికి చప్పుడెందుకు వస్తుంది? వెనక్కి నడవాలని కాళ్లు లాగుతున్నాయి, అది మాత్రం నీ యంత్రం కనిపెట్టలేదు. చెప్పులు తిరిగి పంపించు. మీ బావకి కాస్త చిన్నవైనా సరిపెట్టుకుంటారు, ముందు ఎలాగూ అరిగి ఉన్నాయి.

ఇప్పుడు మళ్లీ మధ్యాహ్నం పేట మొదలెట్టాం. ఒక చేత్తో తిప్పుతూ, ఒక చేత్తో ఇది రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే నన్నేమీ అనకు. ఆయన షెడ్డు చివరికి చేరి, నార అయిపోయి, చేతిలో కొస పట్టుకుని అలాగే నిలబడ్డారు. "ఇప్పుడేం చెయ్యాలే?" అని అక్కడ నుంచి అరుస్తున్నారు.

"ఏం లేదు, ముందుకి నడిచి నా దగ్గరికి రండి" అని అరిచాను.

వస్తున్నారు.

అక్క